బొగ్గు లెక్క, బూడిద లెక్క

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఊరగాయల గురించీ, పిల్లల పెంపకం గురించీ మాట్లాడే ఈవిడ, ఈవేళ థర్మల్ విద్యుత్ కేంద్రాల పనితనం కొలవడం గురించి చెబుతుందేమిటా అని మీకు అనుమానం రావచ్చు. నేను చదివింది పదో తరగతి. లెక్కల్లో గట్టెక్కానంటే అది మా మేష్టారి చలవ. కానీ ఇల్లు నడిపే మనిషికి రోజూ చేతనైన విద్య ఒకటుంది. ఎంత పోస్తే ఎంత వచ్చింది, ఎంత వృథా అయింది, ఆ వృథా ఎవరి నెత్తిన పడింది అని చూసుకోవడం. ఈ విషయానికి అంతకు మించిన చదువు అక్కర్లేదని నాకు పోయిన ఏడాది తెలిసింది. ఎలాగో చెబుతాను.

మా అక్కయ్యావాళ్ళు ఒక థర్మల్ కేంద్రం కాలనీలో ఉంటారు. ఊరి పేరు చెప్పను. బావగారిది ఆ కేంద్రంలోనే ఉద్యోగం. బొగ్గు ఎంత కాలింది, కరెంటు ఎంత పుట్టింది అని లెక్కగట్టే విభాగం ఆయనది. పోయిన ఏడాది ఏప్రిల్లో నేను అక్కడికి వెళ్ళాను. వెళ్ళిన మర్నాడే అక్కయ్యా నేనూ డాబా మీద బూడిదగుమ్మడికాయ వడియాలు పెట్టాం. సాయంత్రం చూద్దుము కదా, అవి పేరుకు తగ్గట్టు నిజంగానే బూడిద వడియాలైపోయాయి! మేం నవ్వుకుని పారబోశాం. కానీ ఎదురింటి పిన్నిగారికి నవ్వు రాలేదు. ఆవిడ అప్పడాలు ఒత్తి అమ్ముకుని బతుకుతోంది. ఆవేళ ఆరబెట్టిన అప్పడాలన్నిటి మీదా సన్నటి బూడిద పేరుకుంది. వారం రోజుల కష్టం, పిండి ఖర్చుతో సహా పోయింది.

ఆ వారంలోనే అక్కడ కొత్త యూనిట్ పెట్టడానికి ప్రజాభిప్రాయ సేకరణ సభ జరిగింది. 2006 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం, ఇలాంటి పెద్ద కేంద్రాలు కట్టేముందు చుట్టుపక్కల వాళ్ళ మాట వినాలి. మేమూ వెళ్ళి కూర్చున్నాం. కేంద్రం తరఫున ఒక అధికారి లేచి, "ధూళిలో 99 శాతం పైగా పట్టేస్తున్నాం. చిమ్నీ దగ్గర 24 గంటలూ మీటరు ఉంది. పరిమితి ఒక్కరోజు కూడా దాటలేదు" అన్నారు. పిన్నిగారు లేచి, "అయితే నా అప్పడాల మీద పడిందేమిటి బాబూ?" అంది. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆవిడ ఇంకేం మాట్లాడకుండా కూర్చుండిపోయింది. పక్కనే ఉండి నేనూ నోరు మెదపలేదు. ఏం అడగాలో నాకూ తెలియదు మరి.

ఆ రాత్రి భోజనాలయ్యాక బావగారిని పట్టుకున్నాను. "మీ లెక్కలేమిటో నాకు అర్థమయ్యేట్టు చెప్పండి బావగారూ" అన్నాను. "సరే మరదలా, కాగితం తెచ్చుకో" అన్నారాయన. రెండు రాత్రులు కూర్చుని నేర్చుకున్నది మీకు రెండు ముక్కల్లో చెబుతాను.

థర్మల్ కేంద్రమంటే పెద్ద పొయ్యి, దాని మీద పెద్ద కుక్కరు. బొగ్గును పిండిలా విసిరి బాయిలర్లోకి ఊదుతారు. ఆ మంటకు గొట్టాల్లోని నీరు ఆవిరవుతుంది. ఆవిరి టర్బైను రెక్కల్ని తిప్పుతుంది. టర్బైనుతోపాటు జనరేటరు తిరిగి కరెంటు పుడుతుంది. పని అయిపోయిన ఆవిరిని చల్లార్చి మళ్ళీ నీళ్ళుగా చేసి బాయిలరుకి పంపుతారు. ఆ చల్లార్చడం కోసమే డోలు ఆకారంలో ఆ ఎత్తయిన టవర్లు. వాటిలోంచి పైకి లేచేది పొగ కాదు, నీటి ఆవిరి. పొగ వచ్చేది సన్నగా పొడుగ్గా ఉండే చిమ్నీలోంచి. ఇన్నేళ్ళూ నేను టవర్లనే తిట్టుకుంటున్నాను సుమండీ!

ఇక మొదటి లెక్క. ఒక యూనిట్ కరెంటులో ఉండే వేడి 860 కిలో కేలరీలు. ఇది ఎక్కడైనా మారదు. ఆ ఒక్క యూనిట్ తీయడానికి కేంద్రం ఎంత వేడి ఖర్చు చేసిందన్నదే అసలు ప్రశ్న. దీన్ని వాళ్ళు హీట్ రేటు అంటారు. ఒక కేంద్రం యూనిట్‌కి 2,400 కిలో కేలరీలు ఖర్చు చేసిందనుకోండి. 860ని 2,400తో భాగిస్తే 36 శాతానికి కాస్త తక్కువ వస్తుంది. అంటే నూరు పాళ్ళ వేడిలో మనకి దక్కింది 36 పాళ్ళే. మిగతాది ఏమైంది? కొంత చిమ్నీలోంచి వేడి పొగతో పోయింది. అంతకంటే ఎంతో ఎక్కువ, అంటే దాదాపు సగం, ఆవిరిని చల్లార్చే నీళ్ళలోకి పోయింది. ఇందులో అందరి తప్పూ లేదు. ఆవిరితో నడిచే ఏ యంత్రానికైనా ఈ నష్టం కొంత తప్పదు. తప్పని నష్టమెంత, అజాగ్రత్త వల్ల వచ్చిన నష్టమెంత అని విడదీయడమే బావగారి ఉద్యోగం.

మన బొగ్గు కిలోకి సుమారు 3,700 కిలో కేలరీల వేడి ఇస్తుందనుకుంటే, పై లెక్కన యూనిట్‌కి 650 గ్రాముల బొగ్గు కావాలి. మరో కేంద్రం 2,200తోనే యూనిట్ తీస్తే 595 గ్రాములు చాలు. తేడా 55 గ్రాములు, ఒక గుప్పెడు. "ఈమాత్రానికే అంత హడావిడి ఎందుకు?" అన్నాను. ఆయన కాగితం నా ముందుకు తోశారు. 500 మెగావాట్ల యూనిట్ రోజంతా పూర్తిగా నడిస్తే 1 కోటి 20 లక్షల యూనిట్లు. ఒక్కో యూనిట్‌కి ఆ గుప్పెడు మిగిలితే రోజుకి దాదాపు 650 టన్నుల బొగ్గు మిగులుతుంది. బొగ్గుతోపాటు దాని బూడిదా, దాని పొగా కూడా పుట్టకుండానే ఆగిపోతాయి.

అయితే ఈ లెక్కకి తూకం నిజాయితీగా ఉండాలి. బొగ్గుని బెల్టు మీద పోతుండగా తూస్తారు. దాంట్లో తడి ఎంత, మట్టి ఎంత, కాలిస్తే వేడి ఎంత అని నమూనా తీసి ప్రయోగశాలలో పరీక్షిస్తారు. బియ్యం కొనేటప్పుడు మూటలో పైన పిడికెడు చూసి కొంటే ఏమవుతుందో మనకి తెలుసు. నమూనా ఎక్కడ తీశారన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. అందుకని దాన్ని మరో దారిలో కూడా సరిచూస్తారు. చిమ్నీకి పోయే పొగ ఎంత వేడిగా ఉంది, అందులో ప్రాణవాయువు ఎంత మిగిలింది, అడుగు బూడిదలో కాలని బొగ్గు ఎంత ఉంది అని నష్టాలన్నీ విడివిడిగా కొలిచి కూడతారు. పొగ ఉండవలసిన దానికన్నా 22 డిగ్రీలు వేడిగా పోతే బాయిలరు పనితనం సుమారు ఒక శాతం పడిపోతుందట. పొయ్యి మీద గిన్నె చిన్నదై మంట పక్కలనించి పోతుంటే మనం వెంటనే సెగ తగ్గిస్తాం కదూ! ఇదీ అంతే.

రెండో లెక్క, కేంద్రం తన శక్తిలో ఎన్నో వంతు పనిచేసిందన్నది. రోజుకి కోటీ 20 లక్షల యూనిట్లు తీయగలిగింది 90 లక్షలు తీస్తే 75 శాతం. దీన్నే ప్లాంట్ లోడ్ ఫ్యాక్టర్ అంటారు. పేపర్లో ఎక్కువగా కనబడేది ఈ అంకెే. కానీ దీన్ని చూసి మోసపోకూడదు. బాగా నడిచినంత మాత్రాన పొదుపుగా నడిచినట్టు కాదు. అలాగే ఈ అంకె తగ్గినంత మాత్రాన సోమరితనమూ కాదు. ఇప్పుడు పగటిపూట సౌర విద్యుత్తు వస్తోంది కనక, ఎండ బాగా ఉన్నప్పుడు థర్మల్ కేంద్రాలను 55 శాతం దాకా తగ్గించి నడుపుతున్నారు. అలా సగం సెగ మీద నడిస్తే యూనిట్‌కి పట్టే బొగ్గు పెరుగుతుంది. పదిమందికి వండే గుండిగలో ఇద్దరికి వండినట్టన్నమాట.

మూడోది, కేంద్రం తాను తినేది. బొగ్గు విసరడానికి, గాలి ఊదడానికి, నీళ్ళు తోడడానికి కరెంటు కావాలి. పాత 200 మెగావాట్ల యూనిట్లు తాము తీసిన దాంట్లో 9 శాతం దాకా తామే వాడుకుంటాయి. 500 మెగావాట్లవి 6 శాతం. అందుకని కేంద్రం ఎంత తీసిందన్నది కాక, గడప దాటించి ఎంత పంపిందన్నది అడగాలి. మనం చెప్పుకున్న 36 శాతం గడప దాటేసరికి 34 లోపే ఉంటుంది.

పాత కేంద్రాలకీ కొత్తవాటికీ చాలా తేడా ఉంది. పాల్వంచలో 1960లలో మొదలైన పాత కేంద్రాన్ని ఆపేసి, 2024 ఆగస్టులో దాని ఎనిమిది టవర్లనూ కూల్చేశారు. 1971 నుంచి నడిచిన రామగుండంలోని 62.5 మెగావాట్ల చిన్న కేంద్రాన్నీ 2024లోనే మూసేశారు. కృష్ణపట్నంలో 2014 తర్వాత వచ్చిన 800 మెగావాట్ల యూనిట్ల వంటివి ఆవిరిని ఎంతో ఎక్కువ ఒత్తిడిలో, ఎక్కువ వేడిలో వాడతాయి. అందుకని వాటికి యూనిట్‌కి తక్కువ బొగ్గు చాలు. 2012 నుంచి కేంద్ర ప్రభుత్వం పెద్ద కేంద్రాలకి పొదుపు లక్ష్యాలు కూడా పెట్టింది. లక్ష్యం దాటి పొదుపు చేసిన వాళ్ళకి పత్రాలిస్తారు. చేయలేనివాళ్ళు ఆ పత్రాలు కొనుక్కోవాలి.

ఇంతవరకూ బొగ్గు లెక్క. ఇక రెండో రాత్రి బూడిద లెక్క చెప్పుకున్నాం.

మన బొగ్గులో బూడిద జాస్తి. నూటికి 35 పాళ్ళు అనుకుందాం. పైన చెప్పిన 500 మెగావాట్ల యూనిట్ రోజుకి 7,800 టన్నుల బొగ్గు కాలిస్తే, అందులో బూడిద 2,700 టన్నుల పైమాటే. అందులో అయిదో వంతు అడుక్కి పడుతుంది. తక్కిన నాలుగు వంతులూ, అంటే సుమారు 2,200 టన్నులు, పొగతోపాటు పైకి ఎగురుతుంది. దాన్ని పట్టడానికి చిమ్నీకి ముందు ఇనప రేకులు వరసగా వేలాడదీసిన పెద్ద గదులుంటాయి. అక్కడ ఎక్కువ వోల్టేజి కరెంటు పెట్టి ధూళిని రేకులకు అంటుకునేట్టు చేస్తారు. సుత్తులు రేకుల్ని తడుతుంటే అది కిందికి రాలుతుంది.

ఇప్పుడు ఆ సభలో చెప్పిన 99 శాతం మాట చూడండి. పరీక్షలో 99 మార్కులొస్తే మనం మిఠాయిలు పంచుతాం. కానీ 2,200 టన్నుల్లో 99 శాతం పట్టేస్తే బయటికి పోయేది 22 టన్నులు. 99.9 శాతం పడితే పోయేది 2.2 టన్నులు. చెప్పేటప్పుడు రెండూ ఒకేలా వినిపిస్తాయి, "99 పైగా" అని. ఊరి మీద పడేది మాత్రం పదింతలు తేడా. కాబట్టి ఎంత పట్టారని కాదు, ఎంత వదిలారని అడగాలి.

ఎంత వదలొచ్చో 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ నిర్ణయించింది. ఘనపు మీటరు పొగలో ధూళి 2003 చివరిలోపు పెట్టిన యూనిట్లకి 100 మిల్లీగ్రాములు, 2004 నుంచి 2016 దాకా వచ్చినవాటికి 50, 2017 నుంచి వచ్చినవాటికి 30 దాటకూడదు. మరి పొగలో గాలి కలిపేస్తే అంకె తగ్గిపోదా అని నేనడిగాను. బావగారు మెచ్చుకున్నారు. పాలలో నీళ్ళు కలిపితే పట్టడానికి లాక్టోమీటరు ఉన్నట్టే, ఇక్కడా పొగలో ప్రాణవాయువు 6 శాతం ఉన్న లెక్కకి సరిచేసి చెప్పాలట.

ధూళి కాక, కంటికి కనబడనివీ ఉన్నాయి. గంధకం వాయువు, నత్రజని వాయువులు, పాదరసం, వీటికీ 2015లోనే పరిమితులు పెట్టారు. గంధకం వాయువుని కడిగే యంత్రాల గడువు మాత్రం జరుగుతూ జరుగుతూ వచ్చింది. చివరికి 2025 జులైలో పెద్ద నగరాలకి దూరంగా ఉన్న చాలా కేంద్రాలకు ఆ యంత్రం పెట్టనక్కర్లేదన్నారు. మన బొగ్గులో గంధకం తక్కువని ఒక పక్షం, ఆ వాయువే గాలిలో సన్నటి ధూళిగా మారి దూరాలకు పోతుందని మరో పక్షం. రెండు మాటల్లోనూ నిజముంది. ఇక బొగ్గుపులుసు వాయువు యూనిట్‌కి సుమారు ఒక కిలో. దాన్ని పెద్ద ఎత్తున పట్టే ఏర్పాటు మన కేంద్రాల్లో లేదు. అది తగ్గాలంటే కాల్చే బొగ్గే తగ్గాలి.

ఇక్కడ చిక్కేమిటంటే, శుభ్రం చేయడానికీ కరెంటు ఖర్చవుతుంది. ధూళి పట్టే గదులకీ, గంధకం కడిగే యంత్రానికీ కేంద్రం తన కరెంటే వాడుకోవాలి. నీళ్ళు ఆదా చేద్దామని గాలితో చల్లారిస్తే బొగ్గు ఎక్కువ పడుతుంది. ఒకటి మెరుగైతే మరొకటి తగ్గుతుంది. అలాంటప్పుడు ఏ కేంద్రం మేలని ఎలా తేల్చాలి? దీనికి 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ అనే ముగ్గురు ఒక పద్ధతి చెప్పారు. ఒకే రకమైన సరుకులతో పనిచేసేవాళ్ళని పక్కపక్కన పెట్టి, అంతే సరుకుతో అందరికన్నా మేలుగా చేసినవాళ్ళెవరో వాళ్ళని కొలబద్దగా తీసుకోవాలి. మిగతావాళ్ళు వాళ్ళకి ఎంత దూరంలో ఉన్నారో చూడాలి. తరవాత వచ్చినవాళ్ళు దీంట్లోకి పొగనీ బూడిదనీ కూడా చేర్చారు. కరెంటు ఎంత పెరిగిందన్న మార్కులతోపాటు, అక్కరలేనివి ఎంత తగ్గాయన్నదానికీ మార్కులే. నాకిది సబబుగా తోచింది. నలుగురికి తక్కువ గ్యాసుతో వండిన ఇల్లాలిని మెచ్చుకునేముందు, గిన్నెలు తోమిన నీళ్ళు పక్కింటి వాకిట్లో పోసిందేమో కూడా చూడాలి కదా!

ఇంతకీ పిన్నిగారి ప్రశ్న మిగిలిపోయింది. బావగారు అబద్ధం చెప్పే మనిషి కారు. చిమ్నీ మీటరు పరిమితి లోపే ఉందని ఆయనా ఒట్టు పెట్టి చెప్పారు. మరి అప్పడాల మీద బూడిద ఎక్కడిది?

జవాబు దానంతటదే దొరికింది. నేనింకా అక్కడ ఉండగానే, ఉన్న రెండు యూనిట్లలో ఒకటి వార్షిక మరమ్మతులకి ఆగింది. రెండోది బాయిలరు గొట్టం లీకై ఆగింది. నాలుగు రోజులు చిమ్నీలోంచి పొగే లేదు. మూడో రోజు మధ్యాహ్నం గాలి లేచింది. దండెం మీది దుప్పట్లు మళ్ళీ బూడిద రంగుకి తిరిగాయి! అక్కయ్య దుప్పటి చేత్తో పట్టుకుని, "పొయ్యే వెలగలేదు, బూడిదెక్కడిదే?" అంది. ఇద్దరం డాబా ఎక్కి చూశాం. పడమర పక్క బూడిద చెరువు మీంచి తెల్లటి తెర లేస్తోంది.

పట్టిన బూడిదని నీళ్ళలో కలిపి గొట్టాల ద్వారా ఆ చెరువులోకి పంపుతారు. తడిగా ఉన్నంతసేపూ అది కదలదు. ఎండల్లో నీరింకి పైపొర ఎండితే, గాలి వచ్చినప్పుడల్లా లేస్తుంది. అంటే చిమ్నీ దగ్గర పట్టిన 99 పాళ్ళే, ఏటేటా ఆ చెరువులో పేరుకుని, మా డాబా మీదికి వస్తోందన్నమాట. మీటరు చెప్పిన అంకె నిజమే. మీటరు పెట్టిన చోటే వేరు.

ఆ రోజూ, ఆ గంటా, గాలి దిక్కూ, యూనిట్లు ఆగి ఉన్న సంగతీ పిన్నిగారు చెబుతుంటే నేను రాశాను. కాలనీలో పదహారుమంది ఆడవాళ్ళు సంతకాలు పెట్టారు. కేంద్రానికొకటి, కాలుష్య నియంత్రణ మండలికొకటి పంపాం. బావగారు కాగితం చదివి తప్పులు దిద్దారు గానీ, "నా పేరు మాత్రం ఎక్కడా రానీయకండి తల్లీ" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. ఆ ఇంట్లో అన్నం ఉడుకుతున్నది ఆ కేంద్రం జీతంతోనే. అక్కయ్య రెండు రోజులు ఆలోచించి అప్పుడు సంతకం పెట్టింది.

రెండు నెలలకి చెరువు గట్టున నీళ్ళు చిమ్మే గొట్టాలు వేశారు. నిండిపోయిన ఒక పక్కన మట్టి కప్పి మొక్కలు నాటారు. బూడిద పూర్తిగా ఆగిందని చెప్పను. ఈ ఏడాది వేసవిలో కూడా రెండు మూడుసార్లు దుప్పట్లు మళ్ళీ ఉతికానని అక్కయ్య ఫోనులో చెప్పింది. పిన్నిగారు మాత్రం గాలి ఎటు ఉందో చూసి అప్పడాలు ఆరేస్తోంది.

అసలు మందు ఏమిటంటే, బూడిద చెరువుదాకా పోకుండా వాడుకోవడం. సన్నటి పొడి బూడిద సిమెంటులో పనికొస్తుంది, ఇటుకలకి పనికొస్తుంది, రోడ్ల కట్టలకి పనికొస్తుంది. 1999లో మొదటిసారి దీనికి నిబంధనలు వచ్చాయి. 2021 డిసెంబరు నోటిఫికేషన్ ప్రకారం, కేంద్రాలు తమ బూడిదనంతా నిర్ణీత గడువులో వినియోగంలోకి తేవాలి. మిగిలిపోతే టన్నుకి 1,000 రూపాయల పరిహారం కట్టాలి. కాబట్టి మీ ఊళ్ళో ఇల్లు కట్టేటప్పుడు బూడిద ఇటుక అనగానే మొహం చిట్లించకండి.

మీలో థర్మల్ కేంద్రాల దగ్గర ఉండే సోదరీమణులు, సభలు జరిగినప్పుడు వెళ్ళండి. వెళ్ళి అయిదు ప్రశ్నలు అడగండి. యూనిట్‌కి ఎన్ని కేలరీల వేడి ఖర్చవుతోంది? మీరు వాడుకోగా బయటికి ఎంత పంపుతున్నారు? రోజుకి ఎన్ని టన్నుల ధూళి వదులుతున్నారు? యూనిట్‌కి ఎన్ని లీటర్ల నీళ్ళు వాడుతున్నారు? ఈ ఏడాది బూడిదలో ఎంత వాడకానికి పోయింది, ఎంత చెరువులో ఉంది? శాతాల్లో కాదు, టన్నుల్లో చెప్పమనండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి, కూర్చోకండి.

దూరాన ఉన్నవాళ్ళం మనకీ ఒక లెక్క ఉంది. నెలకి 200 యూనిట్లు వాడే ఇల్లు, ఆ కరెంటంతా థర్మల్‌దే అనుకుంటే, 130 కిలోల బొగ్గు కాలుస్తోంది, 45 కిలోల బూడిద పోస్తోంది. యూనిట్‌కి మూడున్నర లీటర్ల చొప్పున 700 లీటర్ల నీళ్ళు ఖర్చు పెడుతోంది. ఆ బూడిద మన పెరట్లో పడకపోవచ్చు. ఎక్కడో ఒక పిన్నిగారి అప్పడాల మీద పడుతుంది. నేను ఇంటికి రాగానే చేసిన మొదటి పని, వేణ్ణీళ్ళ గీజరు స్విచ్చి కట్టకుండా మా వాళ్ళు గంటలకొద్దీ వదిలేసే అలవాటు మాన్పించడం. మాన్పించడానికి నెల పట్టింది లెండి!